గోడకు అటూ ఇటూ

2022 వేసవిలో అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చాం. వాడు అక్కడ ఒక విమాన కంపెనీలో పైలట్. మేము వెళ్ళిన రెండో వారంలో ఒక ఉదయం వాడు యూనిఫారం వేసికొని, టోపీ పెట్టుకొని బయలుదేరాడు. ఆ రోజు సెలవని ముందే చెప్పాడు.

"ఏ ఊరికిరా?" అని అడిగాం.

"ఏ ఊరికీ కాదమ్మా. ఎయిర్‌పోర్టు ముందు అట్ట పట్టుకొని నడవాలి."

"సమ్మె చేస్తున్నారా?"

"లేదు నాన్నా, విమానాలు నడుపుతూనే ఉన్నాం. సెలవు దొరికినవాళ్ళం వెళ్ళి వరుసగా నడుస్తాం. నోరు విప్పం. ప్రయాణికులు భయపడకూడదు గదా."

మాది కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి 2012లో రిటైరైన కుటుంబం. జెండాలు, నినాదాలు చూసిన కళ్ళు మావి. నోరు విప్పని పోరాటం మాకు కొత్త.

ఆ రాత్రి వాడు అంతా విడమరచి చెప్పాడు. అక్కడి విమాన ఉద్యోగులకు వర్తించే చట్టం పేరు రైల్వే కార్మిక చట్టం. 1926లో రైళ్ళ కోసం చేశారు. 1936లో విమానాలకు కూడా వర్తింపజేశారు. ఆ చట్టం ప్రకారం జీతాల ఒప్పందానికి గడువు తీరినా అది రద్దు కాదు. కొత్తది కుదిరేవరకు పాత నియమాలే నడుస్తాయి. ఇరుపక్షాలు తేల్చుకోలేకపోతే ప్రభుత్వ మధ్యవర్తిత్వ మండలి వస్తుంది. ఇక తమవల్ల కాదని ఆ మండలి వదిలిపెట్టేవరకు సమ్మె చేయరాదు. వదిలిన తరువాత కూడా 30 రోజులు ఆగాలి. ఆపైన దేశాధ్యక్షుడు కలుగజేసికోవచ్చు. 1997 ఫిబ్రవరి 15న అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు అర్ధరాత్రి సమ్మె మొదలుపెడితే, అరగంటలోపే అధ్యక్షుడు క్లింటన్ ఆపించారట. 1999లో అదే కంపెనీ పైలట్లు మూకుమ్మడిగా జబ్బు సెలవు పెట్టారు. పనిలోకి వెళ్ళమని కోర్టు ఆజ్ఞాపించినా చాలామంది వెళ్ళనందుకు వారి సంఘం మీద సుమారు 4.5 కోట్ల డాలర్లు పడ్డాయి.

"మంచి చట్టమే గదరా, జనానికి ఇబ్బంది లేదు" అన్నాం.

"జనానికి మంచిదే నాన్నా. కానీ మాకు ఏళ్ళు గడిచిపోతాయి. ఆ ఏళ్ళలో మనుషులు మారిపోతారు" అన్నాడు వాడు.

వాడి బాధ జీతం ఒక్కటే కాదు. సెలవు రోజున ఫోను చేసి డ్యూటీకి పిలవడం, నాలుగు రోజుల ప్రయాణం ఆరు రోజులు కావడం, వరుసగా రెండేళ్ళు కూతురి పుట్టినరోజుకు ఇంట్లో లేకపోవడం. దానికి తోడు పెద్ద కెప్టెన్లు చెప్పే పాత కథలు ఉన్నాయి. 2001 సెప్టెంబరు దాడుల తరువాత పెద్ద కంపెనీలు ఒకదాని వెంట ఒకటి దివాలా కోర్టుకెక్కాయి. పైలట్ల జీతాలు బాగా కోశారు. యునైటెడ్‌లో 2005లో, డెల్టాలో 2006లో పైలట్ల పింఛను పథకాలే రద్దయ్యాయి. ఆ దెబ్బ తిన్నవారికి యాజమాన్యం ఏ కాగితం చూపించినా నమ్మకం కుదరదు.

ఈ సంగతులన్నీ మాకు అర్థమయ్యాయి. అర్థం కానిది పక్కింటి సంగతి.

పక్కింటివారు విజయవాడవారు. ఆ అబ్బాయి అదే కంపెనీ ఆఫీసులో లెక్కలు చూస్తాడు. పైలట్లు అడిగినదానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి పైవారికి ఇవ్వడం అతని పని. అంతకుముందు మేము వెళ్ళినప్పుడు రెండిళ్ళూ ఒక్కటే. అతను మావాణ్ణి "అన్నయ్యా" అని పిలిచేవాడు. ఈసారి ఎదురుపడినా తలలు వంచుకొని వెళుతున్నారు. మనవరాలి పుట్టినరోజుకు పిలిచేవారి పేర్లు రాస్తుంటే, పక్కింటి పాప పేరు లేదు. ఎందుకని అడిగితే మనవరాలు మెల్లగా, "డాడీకి ఇష్టం లేదు" అన్నది.

ఆ మాటతో మాకు నలభై ఎనిమిదేళ్ళ కిందటి కాజీపేట కళ్ళముందుకు వచ్చింది.

1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. బోనసు కావాలని, రైలు నడిపేవారికి ఎనిమిది గంటల పని కావాలని అడిగారు. మేమూ సమ్మెలో ఉన్నాం. పక్క క్వార్టరు ఆయన డ్యూటీకి వెళ్ళాడు. ఆయనకు ముగ్గురు ఆడపిల్లలు, ఉద్యోగం పోతే వీధిన పడతారు. అది మాకు తెలుసు. అయినా మన్నించలేదు. మే 27తో సమ్మె ముగిసింది. మా కోపం మాత్రం ముగియలేదు. అంతకుముందు రోజూ పెరుగు తోడుకు గిన్నె గోడ మీదుగా ఇటూ అటూ వెళ్ళేది. అది ఆగిపోయింది. ఆ ఇంటి పెద్దపిల్ల పెళ్ళికి పిలుపు వచ్చినా మేము వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళు గోడకు అటూ ఇటూ ఉండి మాట్లాడుకోలేదు. తరువాత వారికి డోర్నకల్ బదిలీ అయింది. మరి కొన్నాళ్ళకు ఆయన పోయాడని తెలిసింది. సమాధానపడే అవకాశం మాకు మిగలలేదు.

ఈ కథ మా అబ్బాయికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు. ఆ రాత్రి చెప్పాం. "నువ్వు అడిగేది న్యాయమే. ఒక్క మాట కూడా తగ్గించుకోమని మేము చెప్పం. కానీ నీ రోస్టరు రాసింది ఆ అబ్బాయి కాదు. ఆ పాప అసలే కాదు" అన్నాం. వాడు జవాబు చెప్పకుండా లేచి వెళ్ళాడు. తప్పుగా మాట్లాడామేమోనని ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

మూడు రోజుల తరువాత సాయంత్రం వాడు పక్కింటి ముందు నిలబడి ఉండడం కిటికీలోంచి చూశాం. చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో గొంతులు పెద్దవయ్యాయి కూడా. చివరకు ఆ అబ్బాయి అన్న మాట మాకు వినబడింది. "నేను వేసే లెక్క నేను వేస్తాను, నువ్వు అడిగేది నువ్వు అడుగు. 2020లో కరోనా వచ్చినప్పుడు నా జీతమూ కోశారు అన్నయ్యా." పుట్టినరోజుకు పాప వచ్చింది. ఒప్పందం మాట ఇంట్లోకి తేకూడదని ఇద్దరూ నియమం పెట్టుకొన్నారు.

మేము తిరిగి వచ్చేనాటికి వాడి కంపెనీలో బేరం తెగలేదు. 2019 చివరలో గడువు తీరిన ఒప్పందానికి బదులు డెల్టా పైలట్లకు కొత్తది 2023 మార్చిలో కుదిరింది. కరోనా వల్ల మధ్యలో చర్చలు ఆగిపోయాయి. నాలుగేళ్ళలో మొత్తం 34 శాతం పెంపు. ఆ తరువాత మావాడి కంపెనీలోనూ కుదిరింది. వాడు ఫోనులో, "అడిగినదంతా రాలేదు నాన్నా, సెలవుల సంగతి కొంత మెరుగు" అన్నాడు. పక్కింటివారు ఎలా ఉన్నారని అడిగాం. "ఆ రోజు రాత్రి వాళ్ళింట్లోనే భోజనం చేశాం" అన్నాడు.

ఫ్యాక్టరీ అయినా, బస్సు డిపో అయినా, విమానమైనా, కూలి గురించిన బేరం ఎప్పుడూ ఉంటుంది. గట్టిగా అడగడం తప్పు కాదు. ఒప్పందం మీద సంతకాలైన మర్నాడు అవే ముఖాలు మళ్ళీ ఎదురుపడతాయని మాత్రం మరచిపోకూడదు. చదువరులలో ఎవరి ఇంటి గోడ మీదనైనా తోడు గిన్నె ఆగిపోయి ఉంటే, ఈ సాయంత్రమే పంపండి. మాలాగ ఆలస్యం చేయకండి.