వదిన అని టైప్ చేస్తే

మా వృత్తిలో మనిషిని మనిషి అనరు, ట్రాఫిక్ అంటారు. ఇంటర్నెట్ ప్రకటనల్ని వేలం వేసే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. మీరొక పేజీ తెరిచాక అది పూర్తిగా కనబడేలోపే, ఇంచుమించు 100 మిల్లీసెకన్లలో, మీ కళ్ళ ముందున్న ఖాళీ జాగా అమ్ముడైపోతుంది. ‘పెద్దలకు మాత్రమే’ సైట్ల ప్రకటనల్ని మామూలు వేలాల్లోకి రానివ్వరు కాబట్టి వాటికి వేరే సంతలున్నాయి. బార్సిలోనాలోని ఎక్సోక్లిక్ అలాంటిదే. ఆ సంతకి ప్రకటన పట్టుకుని వెళ్ళినవాడు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: జనాన్ని ఎక్కణ్ణుంచి కొనాలి?

ఇదే ప్రశ్న నాకు గుడివాడ నుంచి తిరగేసి వచ్చింది. నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు అక్కడ కూర్చుని, కాపీరైట్ తీరిపోయిన పాత తెలుగు కథల్ని ఓపిగ్గా టైపు చేసి ఒక సైట్లో పెడుతుంటాడు. వాడికొక నెట్‌వర్క్ మెయిల్ రాసింది. మీ తెలుగు ట్రాఫిక్ మా అడల్ట్ ప్రకటనకర్తలకి బాగా పనికొస్తుంది, ఇప్పుడొచ్చేదానికి ఎన్నో రెట్లు ఇస్తాం అని. “మనవి ముసలి కథలు కదరా, వాళ్ళకెందుకు పనికొస్తాం?” అన్నాడు.

ఎందుకో కనుక్కోవడం కష్టం కాలేదు. జనం ఏ మాటలు వెతికి ఆ సైట్‌కి వచ్చారో ఆ జాబితా తెరిచాం. మంచి కథలేవీ పైన లేవు. వదిన, మరదలు, అత్త అనే మాటలు పేరులో ఉన్న కథలే పైనున్నాయి. వాటిలో ఒక దాంట్లో వదిన తన గాజులు తాకట్టు పెట్టి మరిది పరీక్ష ఫీజు కడుతుంది. అంతే కథ. దానికోసం రాత్రి పదకొండు దాటాక జనం ఎగబడి వస్తున్నారు, పది సెకన్లలో వెనక్కి పోతున్నారు.

మా జిల్లాలో వరస కలపకుండా మనిషిని పిలవడం రాదు. పక్కింటావిడ అత్తయ్య, ఎదురింటావిడ పిన్ని, బస్సులో పరిచయమైనావిడ వదినగారు. యంత్రానికి ఈ గొడవ తెలీదు. ఏ మాట తర్వాత జనం దేన్ని నొక్కారన్నదే దానికి నిఘంటువు. అందువల్ల వదిన ఇవాళ ఒక కీవర్డు, ధర ఉన్న కీవర్డు. గూగుల్ తన యాడ్‌సెన్స్‌లోకి తెలుగుని తీసుకుంది 2018లో, హిందీ తర్వాత కొన్నేళ్ళకి. అంతవరకూ తెలుగు పేజీ మీద నాలుగు డబ్బులు చూడాలనుకున్నవాడి దగ్గరికి ఎవరొచ్చి ఉంటారో ఊహించుకోండి.

కొనేవాడి వైపు నుంచి లెక్క ఇలా ఉంటుంది. వెతుక్కుంటూ వచ్చినవాడు ఖరీదైన సరుకు, ఎందుకంటే వాడికేం కావాలో వాడే చెప్పాడు. అడల్ట్ సైట్లోనే ఉన్నవాడు దానికంటే చవక. పైరసీ సినిమా సైట్లో డౌన్‌లోడ్ నొక్కితే వెనకాల దొంగలా తెరుచుకునే పాపండర్ కారుచవక. కొత్త సినిమా కోసం వచ్చిన పిల్లాడికీ అది తెరుచుకుంటుంది. ఆ సంతలో మనది టైర్ 3 దేశం. మనవాళ్ళు కార్డు పెట్టి చందా కట్టరని వాళ్ళకి తెలుసు. అందుకే మనకి చూపించేవి ఎక్కువగా బెట్టింగ్ యాప్‌లు, డేటింగ్ పేరుతో మోసాలు, ‘శక్తి’ మందులు. ఆ మందుల ప్రకటనల్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ‘మీకు దగ్గర్లో, హైదరాబాద్‌లో’ అని అవనిగడ్డవాడికి చూపిస్తారు. మొబైల్ నెట్‌వర్కు ఐపీ అడ్రసు ఏ ఊరిదని రాసుంటే అదే దగ్గర మరి.

ప్రభుత్వం నిషేధించలేదా అంటే, 2015 జులై చివర్లో 857 సైట్లని ఆపమంది, గోల కావడంతో రోజుల్లోనే సడలించింది. ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం మీద 2018లో మళ్ళీ ఆపింది. సైటు ఆగితే అద్దం సైటు వస్తుంది. జనాన్ని అమ్మే సంత మాత్రం అక్కడే ఉంటుంది.

నన్ను ఆపినవి ఆ జాబితాలో కిందనున్న మాటలు. అవి కథలు వెతికినవి కావు, ప్రశ్నలు. పెళ్ళైన కొత్తలో నొప్పి గురించి ఒకరు, చిన్నప్పటి అలవాటు వల్ల పిల్లలు పుట్టరా అని ఇంకొకరు. అక్షరదోషాలతో, భయంభయంగా. ఈ ప్రశ్నలకి ఒకప్పుడు విజయవాడలోనే చిరునామా ఉండేది. ఇక్కణ్ణుంచి వచ్చే ‘స్వాతి’ వారపత్రికలో డాక్టర్ సమరం జవాబులు చెప్పేవారు. నాస్తిక ఉద్యమం నడిపిన గోరా గారి అబ్బాయి. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఆ పేజీని మాత్రం ఎవరూ చదవనట్టే అందరూ చదివేవాళ్ళు. ఆ పేజీ మీద మా సాహిత్య మిత్రులు వేసే జోకులు నాకెప్పుడూ నచ్చలేదు. ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరికేది, మందు సీసా అంటగట్టేవాళ్ళు కాదు. ఇప్పుడు అదే ప్రశ్న టైపు చేసినవాడు వేలంలో ‘ఉద్దేశం బలంగా ఉన్న యూజర్’.

ఇంకా అసహ్యమైనది పుష్ నోటిఫికేషన్. ఏదో సైట్లో ఒకసారి తెలీక ‘అనుమతించు’ నొక్కితే చాలు, ఆ బొమ్మలు ఫోన్ తెర మీదకే వస్తుంటాయి. డెల్టా పల్లెల్లో ఒక ఫోను చాలాసార్లు ఒక మనిషిది కాదు. పగలు అమ్మ చేతిలో, సాయంత్రం హోంవర్కు చేసే పిల్ల చేతిలో, రాత్రి నాన్న దగ్గర. గోడ మీద మార్నింగ్ షో పోస్టరైనా ఊరందరికీ ఒకేలా కనబడేది, తల తిప్పుకుని పోయేవాళ్ళం. ఇది మాత్రం ఇంట్లో ఒకరి మీద నింద వేసి పోతుంది.

అందుకే మా వాడికి కొనేవాడి పాఠమే చెప్పాను. పెద్దల సరుకు అమ్ముకునేవాడు నిజాయితీగా ఉండాలంటే, తెలిసి ఆ గడప తొక్కిన పెద్దవాళ్ళనే కొనుక్కోవాలి. పాపండర్లూ పుష్‌లూ ముట్టుకోకూడదు. మన దేశంలోనైతే అలాంటి సైటు నడపడమే ఐటీ చట్టం 67ఏ కింద జైలుకి దారి, అది వేరే సంగతి. నీ సైటు ఆ గడప కాదు.

“వాళ్ళెలాగూ అందుకే వస్తున్నారు కదరా,” అన్నాడు. గట్టి వాదనే. వచ్చినవాళ్ళలో ఆ ప్రశ్నలవాళ్ళూ ఉన్నారని మళ్ళీ జాబితా చూపించాను. చాలాసేపు చూశాడు. పోనీ కథల పేర్లలోంచి వదినని తీసేద్దామా అంటే ఒప్పుకోలేదు, రచయిత పెట్టిన పేరు మార్చడానికి మనమెవరం అని. నెట్‌వర్క్‌కి వద్దని రాశాడు. గాజుల కథ నెత్తిన మాత్రం ఒక లైను చేర్చాడు: మీరు వెతికిన కథ ఇది కాదు, వచ్చారు కాబట్టి కూర్చోండి.

ఈ ఏడాది హోస్టింగ్ డబ్బు నేను కట్టాను. వచ్చే ఏడాది సంగతి ఇంకా మాట్లాడుకోలేదు.