కప్పు అడుగున పేరు

పాత పింగాణీ కప్పు చేతికి అందితే డెన్మార్క్‌లో ఎవరైనా ముందు దాన్ని బోర్లించి చూస్తారు. పువ్వు, రంగు, అంచు అన్నీ తర్వాతి సంగతి. అది రాయల్ కోపెన్‌హాగన్ వారిదైతే అడుగున కిరీటం ముద్ర, మూడు నీలి అలలు కనిపిస్తాయి. డెన్మార్క్ భూభాగాల మధ్య నుంచి సముద్రం పారే మూడు జలసంధులకు ఆ అలలు గుర్తు. దగ్గర్లోనే నమూనా సంఖ్య ఉంటుంది. దాని పక్కన, నేను ముందుగా వెతికే గుర్తు: ఆ కప్పు మీద కుంచె ఆడించిన మనిషి పెట్టుకున్న ఓ అక్షరమో, అంకెయో. 1935 తర్వాత చేసిన వాటిలో కంపెనీ పేరులోని ఏదో ఒక అక్షరానికి పైనో కిందో సన్నటి గీత ఉంటుంది. ఏ అక్షరమో చూస్తే ఏ సంవత్సరమో తెలుస్తుంది. అలల మీద అడ్డంగా గీకి ఉంటే అది పరీక్షలో రెండో రకంగా తేలిన సరుకు. వందేళ్లు చేతులు మారినా ఆ గీకుడు మాత్రం పోదు.

నేను పుట్టింది గుడివాడలో. వేసవి సెలవులు దివిసీమలో, అవనిగడ్డ దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో గడిచేవి. ఇప్పుడు ఉంటున్నది ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో. చుట్టూ కోపెన్‌హాగన్ నగరం, మధ్యలో వేరే మునిసిపాలిటీ. 1880ల నుంచి వందేళ్లకు పైగా రాయల్ కోపెన్‌హాగన్ కార్ఖానా ఈ ఊళ్లోనే నడిచింది. మునిసిపల్ కార్యాలయం వెనక ఎండలు కాసే నెలల్లో శనివారాలు పాత సామాన్ల సంత జరుగుతుంది. ముసలివాళ్లు తమ అటకల మీదివి, పిల్లలు తమ తాతలవి తెచ్చి బల్లల మీద పరుస్తారు. నా టీ సెట్లు చాలావరకు అక్కడ జత కూడినవే. కప్పు ఒక బల్ల మీద, సాసరు మరో ఏడాది మరో బల్ల మీద, మూతలేని పంచదార గిన్నె ఇంకెక్కడో. ఇది కాఫీ తాగే దేశం. పొడవాటి కాఫీ పాట్‌లు కావలసినన్ని దొరుకుతాయి గానీ, పొట్టిగా, పొట్ట గుండ్రంగా ఉండే టీపాట్ దొరకాలంటే ఓపిక పట్టాలి.

కొనేముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. గోటితో మీటితే గంటలా మోగాలి. బొంగురుగా పలికితే కంటికి ఆనని పగులు ఎక్కడో ఉన్నట్టు. గుడివాడ బజారులో కుండ కొనేటప్పుడు అమ్మ వేలి కణుపుతో కొట్టి వినేది, అదే పరీక్ష. పింగాణీని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే వెనకనున్న వేళ్ల నీడ కనిపించాలి. టీపాట్ మూత తీసి కొమ్ము మొదట్లో ఉన్న జల్లెడ రంధ్రాలు తడిమి చూడాలి, పెచ్చులు ఎక్కువగా లేచేది అక్కడే.

కొన్న ప్రతిదాన్నీ వాడతాను. మరిగించి, అల్లం దంచి వేసి, వడగట్టిన మన టీయే ఆ పాట్‌లో పోస్తాను. ముందు వేడినీళ్లు పోసి పాట్‌ని కాస్త కాగనిచ్చి, ఆ నీళ్లు పారబోసి పోస్తే సరి. బీరువాలో దాచిన కప్పు మీద నాకు గౌరవం లేదు. అది చేసినవాళ్లు తాగడానికే చేశారు.

ఒకసారి సెలవులకు గుడివాడ వెళ్తూ నీలిపువ్వుల కప్పు, సాసరు చీరల మధ్య చుట్టి తీసుకెళ్లాను. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందే, పగిలితే ఏమొస్తుంది?" అంది. ఆ ప్రశ్నలో మా డెల్టా ఇళ్ల లెక్క అంతా ఉంది. ఇత్తడి బిందె చిల్లుపడినా తూకానికి డబ్బులొస్తాయి. స్టీలు గిన్నె సొట్టపడితే కొత్తదాని కింద వేసి మార్చుకోవచ్చు. మా ఇళ్లలో పాత్ర కొనడమంటే కొంత సొమ్ము దాచుకోవడమే. పింగాణీ పగిలిన రోజున విలువ సున్నా. అందుకే మా ఇంట్లోనూ అద్దాల బీరువాలో ఒక సెట్టు ఉండేది గానీ, డాక్టరుగారో పెళ్లిచూపులవాళ్లో వచ్చినప్పుడే కిందికి దిగేది. మాకు రోజూ స్టీలు గ్లాసులే.

ఇంకో కారణం ఉంది, అది అంత సుళువుగా నోటికి రాదు. కంచు, ఇత్తడి ఎంగిలైతే చింతపండు, బూడిద వేసి తోమితే శుద్ధి అయినట్టే. పింగాణీకి ఆ శుద్ధి లేదని, కొన్ని ఇళ్లలో దాన్ని వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. టీకొట్లలో దళితులకు వేరే గ్లాసులు పెట్టిన రోజులను మన ఊళ్లు చూశాయి. పాత్రను ఎవరు నోట పెట్టుకున్నారో తరాల పాటు లెక్క పెట్టుకున్నాం. ఎవరు చేశారో ఎప్పుడూ అడగలేదు. డెన్మార్క్ వచ్చి కప్పు బోర్లించి చూడటం నేర్చుకున్నాకే ఈ సంగతి నాకు గట్టిగా తగిలింది.

రాయల్ కోపెన్‌హాగన్ కార్ఖానా పుట్టుక వెనక టీ ఉంది. 1732లో మొదలైన డేనిష్ ఏషియాటిక్ కంపెనీ ఓడలు చైనాలోని కాంటన్ నుంచి టీ ఆకు, చైనా పింగాణీ మోసుకొచ్చేవి. యూరప్‌లో అసలైన పింగాణీ చేసే కిటుకు 18వ శతాబ్దం మొదట్లో జర్మనీలోని మైసెన్‌కు చిక్కింది. దాన్ని కోపెన్‌హాగన్‌లో సాధించినవాడు ఫ్రాంట్స్ హైన్రిక్ ములర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. రాణి యులియానె మరీ అండతో 1775లో కార్ఖానా తెరిచాడు. మొదటి నమూనా, నీలిగీతల పువ్వులది, ఈ రోజుకీ అమ్ముడవుతోంది. ఆ పువ్వులు డెన్మార్క్ తోటల్లోవి కావు. చైనా పనితనాన్ని చూసి మైసెన్ వేసుకుంది, మైసెన్‌ను చూసి వీళ్లు వేసుకున్నారు. అయినా అడుగున తమ అలలు గీసి, తమ మనిషి గుర్తు పెట్టి, రెండున్నర శతాబ్దాలుగా దాన్ని తమదిగా నిలబెట్టుకున్నారు. చైనా చేతులకు ఆ కథలో పేరు దక్కలేదు. ఆ మాట కూడా చెప్పి తీరాలి.

ఆ నమూనాలో ఒక ప్లేటుకు 1,197 కుంచె గీతలు పడతాయని కంపెనీ చెబుతుంది. వేసేటప్పుడు అది నీలంగా ఉండదు. కోబాల్టు రంగు బూడిద నలుపులో ఉంటుంది. పైన గాజుపూత పట్టించి, దాదాపు 1,400 డిగ్రీల కొలిమిలో కాల్చాకే నీలం పైకి తేలుతుంది. గీసే మనిషికి గీస్తున్నప్పుడు తన రంగు కనబడదన్నమాట. ఈ పనిలో తరతరాలుగా ఎక్కువమంది ఆడవాళ్లే. ఇప్పుడు రాయల్ కోపెన్‌హాగన్ సరుకు చాలావరకు థాయ్‌లాండ్‌లో తయారవుతోంది. 1853లో మొదలై, పోటీగా ఎదిగి, కోపెన్‌హాగన్ మూడు బురుజులను ముద్రగా పెట్టుకున్న బింగ్ అండ్ గ్రోండాల్ కంపెనీ 1987లో దీనిలోనే కలిసిపోయింది. ఆ బురుజుల ముద్రతో వచ్చిన పాత సరుకు అంటే నాకు కాస్త ఎక్కువ పక్షపాతం.

దానికి కారణం గెర్ట్రూడ్ వేసెగోర్. బాల్టిక్ సముద్రంలోని బోర్న్‌హోల్మ్ దీవిలో, రోన్నె పట్నంలో, కుండల పని చేసే యోర్ట్ కుటుంబంలో 1913లో పుట్టింది. ఆ దీవిలో మట్టి మంచిది. తొలినాళ్లలో ములర్‌కు తెల్లమన్ను దొరికిందీ అక్కడే. యోర్ట్ వారి కార్ఖానా 1859 నాటిది, అదే దీవిలోని సోహోల్మ్ కార్ఖానా అంతకంటే ముందు, 1835 నాటిది. వేసెగోర్ 1956లో బింగ్ అండ్ గ్రోండాల్ కోసం ఒక స్టోన్‌వేర్ టీ సెట్టు రూపొందించింది. నా దృష్టిలో డెన్మార్క్ మట్టిలో చేసిన అన్నిటికంటే గొప్ప పని అదే. పువ్వు లేదు, బంగారం లేదు. రూపం, బరువు, పూత, అంతే. పక్కన పెడితే నీలిపువ్వుల పింగాణీ కాస్త ఎక్కువ మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది.

స్టోన్‌వేర్ అంటే మన ఇళ్లకు కొత్తది కాదు. ఆవకాయ జాడీ స్టోన్‌వేరే. రంగు మన్ను, 1,200 డిగ్రీలు దాటిన మంట, ఉప్పూ పులుపూ నూనే దిగని పూత. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ మునిగి వేలమంది పోయారు. మా వాళ్ల ఇల్లు కూడా ఉప్పునీటికి కూలింది. ఒండ్రులోంచి తీసినవాటిలో ఇత్తడి నల్లబడింది, ఇనుము తుప్పుపట్టింది, జాడీ మాత్రం కడిగితే ఎప్పటిలా వచ్చిందని అమ్మ చెబుతుంది. అమ్మమ్మ పోయేదాకా అందులో చింతపండు పెట్టుకుంది. ఆ జాడీని ఈమధ్య బోర్లించి చూశాను. ఏ ముద్రా లేదు. ఏ ఊరిదో, ఏ కొలిమిదో, ఎవరి చేతిదో చెప్పడానికి దాని మీద ఒక్క గీత లేదు.

ముద్రలు వేసుకునే ఈ డెన్మార్క్‌వాళ్లు, డేన్లు, ఒకప్పుడు మా తీరానికీ వచ్చారు. 1620లో తంజావూరును ఏలుతున్న తెలుగు రాజు, స్వయంగా కవి అయిన రఘునాథ నాయకుడు తరంగంబాడిలో వాళ్లకు చోటిచ్చాడు. 1625లో బందరులో, అంటే మచిలీపట్నంలో, వర్తక స్థావరం పెట్టారు. అప్పటికే అక్కడ డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఉన్నారు. గోల్కొండ కుతుబ్‌షాహీల పెద్ద రేవు అది. వచ్చినవాళ్లందరి చూపూ ఎక్కువగా మన బట్టల మీదే. కోరమండల్ తీరంలో బట్టలు కొని, తూర్పు దీవులకు తీసుకెళ్లి, వాటికి బదులు లవంగాలు, మసాలాలు తెచ్చుకునేవారు. బందరులో డచ్చివాళ్ల సమాధులు రాతి చెక్కడాలతో సహా నిలిచి ఉన్నాయి. డేన్ల స్థావరం ఎక్కడుండేదో చెప్పే బోర్డు నా కంటపడలేదు. ఆ ఊరు 1864 తుఫానులోనే దాదాపు 30 వేలమందిని పోగొట్టుకుంది, ఎన్నో ఆనవాళ్లు అలా సముద్రం పాలైనవే.

అప్పుడు ఓడలెక్కిన అద్దకం బట్టలు కొన్ని యూరప్ మ్యూజియాల్లో ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన తీరపు బట్టల ముందు నిలబడి చీటీలు చదివాను. ప్రాంతం ఉంది, కాలం ఉంది. చేసిన మనిషి పేరు లేదు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే ఆనాడు ఎవరూ రాసుకోలేదు.

ఈనాడు? బందరు పక్కన పెడనలో కలంకారీ అద్దకం ఇంకా సాగుతోంది. టేకు చెక్కలో అచ్చులు చెక్కుతారు. బట్టను కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రవంతో నలుపు అద్దుతారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. అద్దినప్పుడు అక్కడ ఎరుపు ఉండదు. పారే నీళ్లలో ఉతికి, రంగు దినుసులతో డేగిసాలో మరిగించాకే బయటికొస్తుంది. కోబాల్టు గీసే డెన్మార్క్ ఆడమనిషికీ, పటిక అద్దే పెడన మనిషికీ ఉన్న నేర్పు ఒకటే: కనబడని రంగును మనసులో చూస్తూ చెయ్యి తప్పకుండా నడపడం. ఇంత పనితనంలో ఒకరి పేరు కప్పు అడుగున నిలిచింది, ఇంకొకరి పేరు బట్ట అంచున లేదు.

మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. అది ఊరికి వచ్చిన గుర్తింపు. అద్దకపు బొమ్మల్ని మిషను మీద అచ్చేసి అదే పేరుతో అమ్మేవాళ్లను ఊరి పేరొక్కటే ఆపలేకపోతోంది. మిషనుకు మనిషి గుర్తు ఉండదు. అందుకే బట్ట మీద మనిషి గుర్తు ఉండాలంటాను. అచ్చు చెక్కినవారికి ఒక చిన్న గుర్తు, అద్దినవారికి ఒక గుర్తు, సంవత్సరానికి ఒక గీత. అంచు చివర బొటనవేలంత అచ్చు చాలు. చెక్కడం వాళ్లకు చేతనైన పనే, ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఆ గుర్తులు ఎవరివో రాసిన పుస్తకం ఒకటి సహకార సంఘం దగ్గరో, వ్యాపారి దగ్గరో ఉంటే, యాభై ఏళ్ల తర్వాత కొన్నవాళ్లకు ఆ మనిషి తెలుస్తాడు. రెండో రకం సరుకుకు కూడా గుర్తు పెట్టమనండి. ఇక్కడి కంపెనీ తన లోపాన్ని తానే గీకి చూపించుకోబట్టే పాత సంతల్లో జనం దాని ముద్రను నమ్ముతున్నారు.

ఇది పెడనవాళ్లు మాత్రమే మొదలుపెట్టే పని కాదు. కొనేవాళ్లం అడగాలి. బందరు వెళ్లినా, విజయవాడలో కొన్నా, అమెరికా నుంచి ఆర్డరు పెట్టినా, ధర అడిగే ముందు ఇది ఎవరు అద్దారని అడగండి. జవాబు రాకపోతే మళ్లీసారి వెళ్లినప్పుడు మళ్లీ అడగండి. పదిమంది అడిగిన కొట్లో పదకొండోవాడికి పేరు సిద్ధంగా ఉంటుంది.