న్యూపోర్టులో పెరేడు చూడబోయేవారికి

మన పిల్లలు డాక్టరీ, ఇంజనీరింగు దాటి సైన్యం వైపు చూస్తున్న రోజులివి. హైదరాబాదు నుంచి వచ్చిన తండ్రికి మిల్వాకీలో పుట్టిన రాజా చారి 1999లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పట్టా పుచ్చుకుని, 2021లో అంతరిక్షయాత్రకు నాయకుడిగా వెళ్ళిన సంగతి అందరికీ తెలిసిందే. మావాడు అంత ఎత్తుకు పోలేదు, సముద్రం దగ్గరే ఆగాడు. 2023 అక్టోబరులో రోడ్ ఐలండులోని న్యూపోర్టులో, నౌకాదళం వారి ఆఫీసర్ కాండిడేట్ స్కూల్లో వాడి శిక్షణ పూర్తయింది. మేము చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఈ నాలుగు మాటలు.

ఈ స్కూలు కొంతకాలం ఫ్లారిడాలోని పెన్సకోలాలో ఉండి, 2007లో తిరిగి న్యూపోర్టు చేరింది. శిక్షణ సుమారు 13 వారాలు. ప్రావిడెన్స్ విమానాశ్రయంలో దిగితే కారులో పాతిక మైళ్ళు. దారిలో 1969లో కట్టిన పెద్ద వంతెన దాటాలి, టోలు కట్టాలి. అక్టోబరులో సముద్రపు గాలి ఎముకల్లోకి దిగుతుంది. పట్టుచీర కట్టుకోవచ్చు కాని పైన కోటు, కాళ్ళకు మడమల ఎత్తు లేని చెప్పులు తప్పనిసరి.

ఇక అసలు సంగతి. పెరేడు జరిగేది నేవీ స్థావరం లోపల. అమెరికా పౌరులకు సరైన గుర్తింపు కార్డుంటే పెద్ద చిక్కు లేదు. ఇండియా పాస్‌పోర్టు మీద వచ్చిన పెద్దవాళ్ళకు మాత్రం ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. అది ఒక్క పూటలో అయ్యే పని కాదు. మా అమ్మ తెనాలి నుంచి మనవడి కోసమే వచ్చింది. జాబితాలో ఆవిడ పేరు రాశాం గాని, విజిటర్ వీసా మీద వచ్చిందన్న మాట ఎవరికీ చెప్పలేదు. గేటు దగ్గర తెలిసింది. వాళ్ళ తప్పేమీ లేదు, మాదే. ఇంగ్లీషు రాని మనిషిని హోటల్లో ఒంటరిగా వదలలేక నేనూ ఉండిపోయాను. కన్నకొడుకు పెరేడు చూడలేదు.

కాబట్టి ఇక్కడ రాసేది మా ఆవిడ, అమ్మాయి వచ్చి చెప్పినది. ముందురోజు 'హాయ్ మామ్స్' అని, ఇన్ని వారాల తరువాత పిల్లలను కన్నవాళ్ళకు చూపించే వేడుక. మరునాడు కవాతు, రాజ్యాంగానికి విధేయులమని ప్రమాణం. పిల్లలు ఎన్‌సైన్లవుతారు. భుజపట్టీలు తగిలించే భాగ్యం ఇంటివాళ్ళది. ఆ తరువాత, తమను ఇన్నాళ్ళూ ఎండగట్టిన డ్రిల్ ఇన్‌స్ట్రక్టరే ఎదుట నిలిచి మొదటి సెల్యూట్ చేస్తాడు. అందుకు ప్రతిగా కొత్త ఆఫీసరు అతని చేతిలో వెండి డాలరు పెట్టాలి. ఆ డాలరు ఇంటి దగ్గరే సంపాదించి తీసుకువెళ్ళండి.

ఇదంతా విని అమ్మ, "ఇందులో వింతేముందిరా? మనమూ అంతేగా. దణ్ణం పెట్టినవాడి చేతిలో రూపాయి పెడతాం" అంది.

మధ్యాహ్నం వాడు తెల్ల దుస్తుల మీదనే హోటలుకు వచ్చాడు. టోపీ తీసి చంకన పెట్టుకుని నాయనమ్మ పాదాలకు వంగాడు. ఆవిడ కొంగు ముడి విప్పి, తెనాలి నుంచి తెచ్చిన పాత వెండి రూపాయి వాడి చేతిలో పెట్టింది. "పొద్దున నీది ఖర్చయిందట కదా" అంది. వాడు మాట్లాడలేకపోయాడు.

సాయంత్రం అందరం క్లిఫ్ వాక్ మీద కాస్త దూరం నడిచి, వాండర్‌బిల్టుల బ్రేకర్స్ భవనం బయట నుంచే చూసి వచ్చాం. పెరేడు మాత్రం మళ్ళీ రాదు.

శిక్షణ మొదలయ్యాక పిల్లలకు ఫోను దొరకడం గగనం. అందుచేత వాళ్ళు ఇల్లు కదలకముందే కూర్చోబెట్టి, వచ్చేది ఎవరెవరో, ఎవరిది ఏ దేశపు పాస్‌పోర్టో రాయించండి. నాయనమ్మకు విమానం టికెట్టు కొనేది ఆ తరువాతే.