ఆ నీలి గీతను డిలీట్ చేశాను

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి బెంగళూరులో లేవడం, ఎవరో పెట్టిన రూట్‌ని ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకోవడం, కొండ ఎక్కడం. రెండేళ్లుగా ఇదే నా వీకెండ్. దిగొచ్చాక నా రూట్ కూడా యాప్‌లో పెడతాను. ఇన్ని కిలోమీటర్లు, ఇంత ఎత్తు, ఇన్ని లైకులు! కర్ణాటక కొండలు చాలానే ఎక్కాను గానీ, మా సొంతూరు మదనపల్లె చుట్టూ ఉన్న కొండల్ని మాత్రం బస్సు కిటికీలోంచే చూశాను. ఆ సిగ్గుతోనే మొన్న డిసెంబరులో మూడు రోజులు సెలవు పెట్టాను. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా, కుదిరిన చోటల్లా నడవాలని ప్లాన్.

మల్లమ్మ కొండ మీద

మొదటి రోజు హార్సిలీ హిల్స్. మదనపల్లెకు ముప్పై కిలోమీటర్ల లోపే. నాలుగు వేల అడుగులకు పైన ఎత్తు కాబట్టి కింద చెమటలు పడుతున్నా పైన స్వెట్టర్ వెతుక్కోవాల్సిందే. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా చేసిన డబ్ల్యూ.డి. హార్సిలీ ఈ చల్లదనానికి పడిపోయి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. కొండకు ఆయన పేరే స్థిరపడింది.

అంతకుముందు దీని పేరు ఏనుగుల మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే చిన్నపిల్లను ఏనుగులు పెంచాయని, ఆమె కొండ మీది చెంచులకు జబ్బు చేస్తే నయం చేసేదని, ఒకరోజు ఎవరికీ కనబడకుండా పోయిందని కథ. పైన ఆమెకు గుడి కూడా ఉంది. చిన్నప్పుడు అమ్మ చెప్పినప్పుడు ఆ కథలో ఏనుగులు నాకు బొమ్మల్లాగే అనిపించేవి.

ఘాట్ రోడ్డు వదిలి కాలిదారి పట్టుకుంటే నీలగిరి ఆకుల వాసన, అక్కడక్కడా వెదురు, కాళ్ల కింద ఎండుటాకుల చప్పుడు. పైకెళ్లాక గాలిబండ మీద నిలబడితే టోపీ చేత్తో పట్టుకోవాలి, లేకపోతే అది లోయలోకే. 1859లో నాటారని చెప్పే ‘కల్యాణి’ అనే నీలగిరి చెట్టు దగ్గర అందరిలాగే నేనూ మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను. ఇక్కడ నడవడానికి ఏ ఇబ్బందీ లేదు. రోడ్డుంది, గదులున్నాయి, జనం ఉన్నారు.

రెండో రోజు పుంగనూరులో ఎక్కువసేపు ఆగలేదు. నడుము ఎత్తు కూడా దాటని పుంగనూరు ఆవును చూసి, ఫొటో తీసుకుని, పలమనేరు బస్సెక్కేశాను. పలమనేరు దాటి కుప్పం వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన అడవి మొదలవుతుంది. కౌండిన్య అభయారణ్యం, సుమారు 358 చదరపు కిలోమీటర్లు. దారిలో కైగల్ జలపాతం చూశాను. ఇక్కడివాళ్లు దాన్ని దుముకురాళ్లు అంటారు. నీళ్లు నిజంగానే రాళ్ల మీంచి దుముకుతుంటే ఇంతకన్నా మంచి పేరు ఏముంటుంది!

ఇంజనీరు వేసినట్టున్న దారి

ఆ రాత్రి కుప్పం వైపు అడవి అంచునున్న ఊళ్లో మా మామ ఇంట్లో పడుకున్నాను. పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా లేచి, యాప్ ఆన్ చేసి బయల్దేరాను. చేలు దాటగానే ఒక దారి కనబడింది. ఏం దారి అది! వెడల్పుగా, ముళ్లకంపలు లేకుండా, గుట్టను నిటారుగా ఎక్కకుండా చుట్టుకుంటూ, మెత్తటి వాలుతో వాగు దాకా పోయింది. ఎవరో ఇంజనీరు సర్వే చేసి వేసినట్టుంది. రానూపోనూ ఆరు కిలోమీటర్లు. మ్యాప్ మీద చక్కటి నీలి గీత. యాప్‌లో వెతికితే ఆ చుట్టుపక్కల ఒక్క రూట్ కూడా లేదు. అంటే మొదటి గీత నాదే! టైటిల్ కూడా అనుకున్నాను: ‘కుప్పంలో ఎవరికీ తెలియని ట్రెయిల్’.

ఇంటికొచ్చి కాఫీ తాగుతూ గొప్పగా మామకు చూపించాను. ఆయన ఫోన్ తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

“ఈ దోవ ఎవురు ఏసినారనుకుంటా ఉండావు అల్లుడూ?”

“ఆవులు తోలుకుపోయే దారి కాదా మామా?”

“ఏనుగులు.”

చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. దారి మధ్యలో గడ్డిపీచుతో ఉన్న పెద్ద పేడ కుప్పను నేను ఫొటో కూడా తీశాను. అదేంటో ఆలోచించనే లేదు!

1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల వైపు నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. వాటి కోసమే 1990లో కౌండిన్యను అభయారణ్యం చేశారు. పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేస్తుంది. మందను పెద్ద ఆడ ఏనుగు నడిపిస్తుంది, నీళ్లెక్కడున్నాయో దానికి గుర్తుంటుంది. నీళ్లకు పోయే దారిని మళ్లీ మళ్లీ తొక్కుతాయి కాబట్టే అది అంత బాగుంటుంది. అటువైపు కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగుల్ని కూడా తెచ్చారు. అయినా చెరుకు, అరటి, వరి వాసనకు మందలు చేలల్లోకి వస్తూనే ఉన్నాయి.

మామ నన్ను పెరటి వెనక మడి దగ్గరికి తీసుకెళ్లాడు. పోయిన ఏడాది వరి కోతకు నాలుగు రోజుల ముందు ఒకే రాత్రిలో పోయిందట. ఆ రాత్రి మామ, అత్త మిద్దె మీద కూర్చుని, చప్పుడు చేయకుండా తెల్లారేదాకా చూశారట. నాకు ఫోన్లో ఒక్క మాట కూడా చెప్పలేదు.

“ఆ పొద్దు ముందర ఎవురో పిల్లోళ్లు బండ్లేసుకోని వాగుకాడికి పోయినారు. వీడియోలు తీసుకుంటా, ఈలలేసుకుంటా. అవి బెదిరినాయి. మీరు పొద్దన్నే వచ్చి బెదరగొట్టి ఎళ్లిపోతారు. రేత్రికి అవి మా మీదికొస్తాయి” అన్నాడు మామ.

తిట్టలేదు. మామూలుగా చెప్పాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజు దారిలో మందే ఎదురై ఉంటే? మామకు చెప్పి ఉంటే నన్ను గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

దారి మూయడం కూడా దారి వేయడమే

అమెరికాలో ఉన్న మా క్లాస్‌మేట్ ఒకడు చలికాలమంతా మంచులో స్కీయింగ్ ఫొటోలు పంపుతుంటాడు. అక్కడ చాలా అడవుల్లో స్కీ వాళ్లకొక దారి, స్నోమొబైల్ బండ్లకొక దారి ఉంటుంది. వాడు ఉండే కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింకలు ఈనే కాలంలో కొన్ని ట్రెయిళ్లను నెలల తరబడి మూసేస్తారు. అక్కడ దారితో పాటు దాన్ని ఎప్పుడు తొక్కకూడదో కూడా రాసి ఉంటుంది. నా నీలి గీతలో ఆ సంగతి చెప్పే చోటే లేదు. పెడితే అందరికీ, ఎప్పటికీ కనబడుతుంది. పంట చేతికొచ్చే వారం కూడా.

నడవొద్దని నేననను. హార్సిలీ హిల్స్ కాలిదారుల్లో నడవండి, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒళ్లు తేలికవుతుంది. కైగల్ చూడండి, చీకటి పడకముందే రోడ్డెక్కండి. కౌండిన్య లోపలికి పోవాలంటే మాత్రం ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి. ఊళ్లో ఎవరినైనా “ఈ పొద్దు మంద యాడుంది?” అని అడగండి. ఏ యాప్‌లోనూ దొరకని సమాచారం అది. మందల జాడ తెలిసిన అక్కడి కుర్రాళ్లనే గైడ్లుగా పెట్టి, కొన్ని దారులు తెరిచి, కొన్ని మూసి నడిపిస్తే ఆ ఊళ్లకు నాలుగు డబ్బులొస్తాయి, మనకూ భయం ఉండదు.

కుప్పం స్టేషన్‌లో బెంగళూరు రైలు కోసం కూర్చుని యాప్ తెరిచాను. ‘పబ్లిష్’ పక్కనే ‘డిలీట్’ ఉంది. నొక్కాను. “ఖచ్చితంగా తీసేయాలా?” అని అడిగింది. మళ్లీ నొక్కాను.

తర్వాత మామకు ఫోన్ చేశాను. “సంక్రాంతికి వస్తా మామా, కోతకు ఉంటా” అన్నాను.

“రా అల్లుడూ, ఈసారి చెప్పి నడువు” అన్నాడు.