మొరాయించిన ఇంప్లాంటును కనిపెట్టు విద్య

మైసూరు మానసగంగోత్రిలో 1965లో నెలకొల్పబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు, వినికిడికై అమర్చిన కాక్లియర్ ఇంప్లాంటు చెడిపోయినప్పుడు ఆ సంగతిని ఎవరు, ఎట్లు కనిపెట్టుదురో తెలిసికొనవలెనను కోరికతో వెళ్లితిని. శస్త్రచికిత్సను గూర్చి పత్రికలు విరివిగా వ్రాయునుగాని, చెవి వెనుక చర్మము క్రింద నిమిడియున్న ఆ పరికరము ఒకనాడు మొరాయించిన పిదప నడచు కథ ఎవరికిని పట్టదు.

పరీక్షాగదిలో బళ్లారి ప్రాంతపు తెలుగు తల్లి యొకతె ఆరేండ్ల కుమారుని ఒడిలో నిడికొని కూర్చుండెను. వాడు తలకంటిన కాయిలును మాటిమాటికి పెరికివేయుచుండెను. "మునుపు కుక్కరు కూతేస్తే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చేవాడమ్మా, ఇప్పుడు మిషను పెట్టుకోనంటాడు" అని ఆమె చెప్పగా, ఎదుటనున్న కర్నూలు విద్యార్థిని దానిని మారామని కొట్టివేయక, మొట్టమొదటి లక్షణముగా వ్రాసికొనెను. పిదప తీగను, కాయిలును, తుదకు ప్రాసెసరునే మార్చి చూచెను. బయటి భాగములోని లోపమునకు లోపలిదానిని నిందించి బిడ్డను మరల కత్తికి అప్పగించుటకంటె ఘోరము వేరొండు లేదు గదా!

అప్పుడుగాని కంప్యూటరు తెరువలేదు. తెరపై 22 ఎలక్ట్రోడులకును విద్యుత్ నిరోధమును చూపు 22 కడ్డీలు లేచినవి. వానిలో కొన్ని 30 కిలో ఓములు దాటెను. ఆ రకపు ఇంప్లాంటులో అది లోపల తీగ తెగినదనుటకు గుర్తు. విద్యార్థినికి బోధించు ఆడియాలజిస్టు పాత మ్యాపులన్నియు, అనగా ఒక్కొక్క ఎలక్ట్రోడుకు నిర్ణయించిన విద్యుత్తు మోతాదుల పట్టికలన్నియు, వరుసగా తెరపై నుంచుమనెను. ఒక్కొక్క ఎలక్ట్రోడు ఆపివేయబడుట, మిగిలినవానికి విద్యుత్తు మోతాదు పెంచబడుట స్పష్టముగా గోచరించెను. ప్రతి పర్యాయమును ఎవరో నాటి కష్టమును నాటికి గట్టెక్కించిరేగాని, ఆ వరుసనంతను ఒక్కచూపున చూచినవారు లేరు.

ఇది సులభమైన కేసట. కొలతలన్నియు సక్రమముగా నుండియు బిడ్డ వినికిడి క్షీణించు సందర్భములు కలవు. తలపై ఎలక్ట్రోడులంటించి కంపెనీ ఇంజనీరు చేయు పరీక్ష సైతము అట్టిచో నిర్దోషమని తేల్చవచ్చును. పరికరమును వెలికితీసి కర్మాగారమున విప్పిచూచిననాడే నిజము బయల్పడును. అంతవరకు ఎక్స్‌రే, పాత మ్యాపులు, మాటల పరీక్ష, తల్లి వాక్కు, ఇవియే ఆధారములు.

వాక్ శ్రవణ శాస్త్రములలో నాలుగేండ్ల పట్టమైన బి.ఎ.ఎస్.ఎల్.పి., అటుపై రెండేండ్ల స్నాతకోత్తర విద్య చదివినవారికి ఇంప్లాంటు అమరిక చక్కగనే అబ్బును. వైఫల్యమట్లుగాదు, అది అరుదుగా తటస్థించును గనుక పలువురు దానిని చూడకయే పట్టా పొందుదురు. కంపెనీలు నేర్పునది తమతమ పరికరముల సంగతియే. చెడిన కేసుల దస్త్రములను తరగతికి తెచ్చి, పేర్లు తొలగించి, విద్యార్థులచేత మొదటినుండి విప్పించుటయే మేలైన మార్గమని నాకు తోచినది; ఆ ఆడియాలజిస్టు చేయుచున్నదియు నదియే.

"మళ్లీ ఆపరేషనైతే మాటలన్నీ మొదటి నుంచి నేర్పాలామ్మా?" అని తల్లి యడిగెను.

"నేర్చినవి ఎక్కడికీ పోవమ్మా. కానీ కొత్తదాంట్లో శబ్దం వాడికి మొదట వేరుగా ఉంటుంది. పాత మ్యాపు అట్లాగే ఎక్కించేస్తే ఉలిక్కిపడతాడు; తక్కువలో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతాం" అని విద్యార్థిని బదులు చెప్పి, హామీ గడువు చూచుటకై ఇంప్లాంటు కార్డునడిగెను. తల్లి సంచి యంతయు వెదకి, రేషను కార్డుతో కలిపి రబ్బరు బ్యాండు చుట్టిన దానిని తీసి యిచ్చెను.