ఊదగడ్డి

నాట్లు పడి మూడు వారాలైన వరిమడిలో కలుపు తీసే స్త్రీలకు ఒక చిక్కు ఎదురవుతుంది. వరి, ఊద పక్కపక్కనే ఒకే ఎత్తున, ఒకే పచ్చదనంతో నిలిచి ఉంటాయి. ఊదను విడిచిపెడితే వరికి దక్కవలసిన ఎరువును, వెలుతురును అది హరిస్తుంది. వరిని పెరికితే రైతుకు నష్టం, కూలికి మాట.

ఆనవాలు ఆకు మొదట ఉంది. కాండాన్ని ఒరలా చుట్టుకొన్న భాగం నుండి ఆకు విడివడేచోట వరికి పలుచని తెల్లని పొర నాలుకవలె లేచి ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానిని జిహ్విక అంటారు. ఊదకు ఆ చోటు బోసి. కొన్ని మొక్కల ఆకులపై వంగపండు రంగు అడ్డచారలు కూడ కనిపిస్తాయి. అయితే రంగు అన్నింటికీ ఉండదు కనుక దానిని నమ్మరాదు.

ఈ ఏకవార్షిక తృణం తేమను ఆశ్రయించి బ్రతుకుతుంది. వరిమళ్లు, కాలువగట్లు, చెరువు అంచులు దాని నెలవులు. పంట కోతకు ముందే గింజ రాల్చి, తన సంతతిని నేలలో దాచిపెడుతుంది.

చిత్రమేమంటే, ఊద జాతులలో కొన్నింటిని వరివలె మలచినది మానవ హస్తమే! తరతరాలుగా వేరుగా కనబడినదానినల్లా పెరికివేయగా, వరిని పోలినవే మిగిలి విత్తనం కట్టాయి. ఇటువంటి అనుకరణకు రష్యా శాస్త్రజ్ఞుడు వావిలోవ్ పేరు పెట్టారు.

అయినా ఊదను కేవలం శత్రువనడం న్యాయం కాదు. అభిజ్ఞాన శాకుంతలంలో శకుంతల లేడిపిల్లను పిడికెడు పిడికెడుగా మేపి పెంచిన శ్యామాకం ఈ కులానిదే. నేడు పట్టణాల దుకాణాలలో ఊదబియ్యంగా అమ్ముడుపోతున్నది కూడ ఈ గడ్డికి సాగురూపమే.