డల్లాస్ నుంచి అమ్మవారి గుడికి

మా అమ్మాయి కాపురం డల్లాస్‌లో. హ్యూస్టన్ పక్కన పేర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడి ఉంది, చూపిస్తామన్నారు. దారి దాదాపు 250 మైళ్లు! కొనేముందు నడిపి చూద్దామని అల్లుడు 2025 మోడల్ టయోటా క్యామ్రీ అద్దెకు తెచ్చాడు. ఈ మోడల్ నుంచి అమెరికాలో క్యామ్రీలన్నీ హైబ్రిడ్లే.

ముఖం మార్చేశారు. సన్నటి దీపాలు, కింద ఇంత నోరు. "ఎంత ఠీవిగా ఉందో చూడండత్తయ్యా" అన్నాడు. నాకేమో కోపమొచ్చిన చేపలా కనిపించింది. పక్కనుంచి చూస్తే మాత్రం పొందిగ్గానే ఉంది.

అసలు తగవు చక్రాల దగ్గరొచ్చింది. అతనికి పెద్ద చక్రాల ఎక్స్‌ఎస్‌ఈ కావాలి, అమ్మాయికి సాదా ఎల్‌ఈ చాలు. అక్కడి ప్రభుత్వ లెక్కలో ఎల్‌ఈకి గ్యాలన్‌కు 51 మైళ్లు, అంటే మన లీటరుకి దాదాపు 22 కిలోమీటర్లు. ఎక్స్‌ఎస్‌ఈకి 47. "నాలుగు మైళ్ల కోసం అందం వదులుకోవాలా?" అంటాడు. రోజూ ఆఫీసుకి నడిపేది అమ్మాయి కదా మరి!

ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను చప్పుడే లేదు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలోకి పడుతుందిట, వార్చిన గంజి పారబొయ్యకుండా దాచుకున్నట్టు. హైవే ఎక్కాక బ్రేకు పనేముంది? ఆ పొదుపూ తగ్గింది.

హంట్స్‌విల్‌లో 67 అడుగుల శామ్ హ్యూస్టన్ విగ్రహం దగ్గర పులిహోర పొట్లాలు విప్పాం. 1994లో నిలబెట్టారట, తెల్లగా చెట్లమీంచి కనిపిస్తుంది. "మీరే చెప్పండత్తయ్యా" అన్నాడు అల్లుడు. "నడిపేవాళ్లనే అడుగు నాయనా" అన్నాను. మాట్లాడలేదు.

దర్శనం బాగా అయింది. తిరుగుదారిలో మళ్లీ ఆ విగ్రహం దాటాక, "ఎల్‌ఈలో ఏ రంగు తీసుకుందాం?" అని అమ్మాయిని అడిగాడు.